అసన్‌పింక్ చెరువుల్లో గాలం వేసే ముందు

ఏప్రిల్ వచ్చి నాలుగు ఎండలు కాయగానే న్యూజెర్సీలో ఎడిసన్, ప్లెయిన్స్‌బరో, మన్రో వైపు ఉండే మనవాళ్లు గాలాలు సర్దుకుని అసన్‌పింక్ దారి పడతారు. దూరం తక్కువ, గేటు దగ్గర టికెట్ లేదు, ఒకే చోట మూడు చెరువులు: అసన్‌పింక్, స్టోన్ టావెర్న్, రైజింగ్ సన్. బాస్, బ్లూగిల్, క్రాపీ, క్యాట్‌ఫిష్ అన్నీ దొరుకుతాయి. పిల్లలతో మొదటి చేప పట్టించడానికి న్యూజెర్సీ మధ్యభాగంలో ఇంతకన్నా మంచి చోటు నాకు తెలీదు. అందుకే ఈ జాగ్రత్తలు రాస్తున్నాను. ఈత రాని పెద్దవాళ్లను, పరుగులు తీసే పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లేది ఎక్కువగా మనమే.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. ఇది పార్కు కాదు, వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియా. రాష్ట్రంలో ఇలాంటివి 120కి పైగా ఉన్నాయి. ఇవి ఉన్నది జంతువులు, పక్షుల కోసం, వేట కోసం, చేపల కోసం. లైఫ్‌గార్డు ఉండడు, దీపాలుండవు, గట్టుకు రెయిలింగ్ ఉండదు. ఈత కొట్టకూడదు. చాపలు పరిచి పులిహోర డబ్బాలు విప్పడం, పొయ్యి వెలిగించడం, బీరు తాగడం అన్నీ నిషేధం. చేపలు పట్టేవాళ్లు, వేటగాళ్లు తప్ప మిగతావాళ్లు రాత్రి 9 నుంచి తెల్లవారి 5 వరకు లోపల ఉండకూడదు. తిండి కార్యక్రమం దగ్గర్లోని కౌంటీ పార్కులో పెట్టుకోండి, ఇక్కడికి గాలం కోసమే రండి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం నీళ్లే. ఏప్రిల్‌లో బయట 70 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండి టీషర్ట్‌తో హాయిగా ఉన్నా, చెరువులో నీళ్లు 50 దగ్గరే ఉండొచ్చు. అంత చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే మనిషి తనకు తెలీకుండానే గట్టిగా ఊపిరి లాగేస్తాడు. ఆ క్షణంలో తల నీటి లోపల ఉంటే అక్కడితో సరి. మొదటి నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికే సరిపోతుంది. ఆ తర్వాత పది నిమిషాల్లో చేతులు, కాళ్లు మొద్దుబారి పనిచేయడం మానేస్తాయి. గోదావరిలో ఈదినవాళ్లైనా సరే ఇక్కడ ఆ ధీమా పెట్టుకోవద్దు. అమెరికా చెరువుల్లో, జలపాతాల దగ్గర మన విద్యార్థులు మునిగిపోయారన్న వార్త దాదాపు ఏటా చదువుతూనే ఉన్నాం. ఆ వార్తల్లో తరచుగా కనిపించేది ఒకరు జారిపడటం, కాపాడబోయి ఇంకొకరు దిగడం.

కాబట్టి ఎవరైనా పడితే వెంట దూకొద్దు. ఈ మాట ఇంట్లోనే, బయల్దేరే ముందే అందరికీ చెప్పండి, ఎందుకంటే ఆ టెన్షన్‌లో ఎవరికీ ఏదీ గుర్తురాదు. ముందు గట్టు మీద బోర్లా పడుకుని గాలం కర్రో, చెట్టు కొమ్మో, చున్నీయో అందించండి. అందకపోతే తాడు విసరండి, లేదా ఖాళీ కూలర్‌కు మూత బిగించి విసరండి, అది తేలుతుంది. ఇంకొకరు ఈలోపు 911కి ఫోన్ చేయాలి. ఏ చెరువు, ఏ పార్కింగ్ అన్నది చెప్పగలిగేలా కారు దిగగానే ఫోన్‌లో మ్యాప్ చూసి గుర్తుపెట్టుకోండి. కారులో ఒక 50 అడుగుల తాడు ఉంచితే ఎంతో మేలు. పిల్లలకు పడవ ఎక్కినా ఎక్కకపోయినా లైఫ్‌జాకెట్ వేయండి. గట్టు మీద నిలబడేవాడికి ఎందుకని మొహమాటపడొద్దు. అంచుల దగ్గర నీళ్లు లోతు లేనట్టే కనిపిస్తాయి గానీ అడుగున మెత్తటి బురద ఉంటుంది, కాలు దిగితే లాక్కోవడం కష్టం. నాచు పట్టిన రాళ్లు, కట్ట దగ్గర నీళ్లు పొర్లే చోటు, ఈ రెండిటి దగ్గర అసలు నిలబడకూడదు. పడవ తెచ్చుకునేవాళ్లకు ఇక్కడ ఎలక్ట్రిక్ మోటారు మాత్రమే అనుమతి. చలికాలంలో గడ్డకట్టిన చెరువు మీద నడిచే సరదా వద్దని నా గట్టి సలహా.

నీళ్ల తర్వాత భయపడాల్సింది పిడుదులకు, ఇక్కడివాళ్లు టిక్స్ అంటారు. ఇవి కుడితే వచ్చే లైమ్ జబ్బు ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో న్యూజెర్సీ ఒకటి. మే నుంచి జులై దాకా తిరిగే పిల్ల పిడుదు గసగసాల గింజంత ఉంటుంది, కుట్టినా తెలీదు. చెరువు గట్టుకు వెళ్లే గడ్డి బాటలే దాని చోటు. లేతరంగు పొడుగు ప్యాంటు వేసుకుని, అంచులు సాక్సులోకి దోపండి. బట్టలకు, బూట్లకు 0.5 శాతం పర్మెత్రిన్ అనే పురుగుమందు ముందురోజే కొట్టి ఆరబెట్టండి, అది ఒంటికి రాసుకునేది కాదు. ఒంటికి డీట్ ఉన్న, పురుగులను దగ్గరికి రానివ్వని మందు వాడండి. ఇంటికి రాగానే బట్టలు తడపకుండా డ్రయర్‌లో బాగా వేడి మీద పది నిమిషాలు తిప్పి, తర్వాత ఉతకండి. స్నానం చేసేటప్పుడు మోకాలి వెనక, చంకలు, నడుము, చెవుల వెనక, జుట్టులో వెతకండి. ఆడపిల్లల జడలు విప్పి చూడాలి.

పిడుదు పట్టుకుని ఉంటే సన్నటి ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగండి. కొబ్బరినూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం లాంటి ఇంటి వైద్యాలు వద్దు. 24 గంటల్లోపు తీసేస్తే లైమ్ వచ్చే అవకాశం బాగా తక్కువ. ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. 3 నుంచి 30 రోజుల లోపు దద్దురు గానీ, జ్వరం, ఒళ్లునొప్పులు గానీ వస్తే డాక్టర్‌కు పిడుదు సంగతి మీరే చెప్పండి. పుస్తకాల్లో చూపించే ఎర్రటి గుండ్రటి మచ్చ తెల్ల చర్మం మీదిది. మన చామనఛాయ మీద అది కమిలిన మచ్చలా ఉండొచ్చు, లేదా కనిపించీ కనిపించకుండా ఉండొచ్చు. మచ్చ లేదు కదా అని ఊరుకోవడం మనకు పనికిరాదు.

అదే బాటల పక్కన పాయిజన్ ఐవీ కూడా ఉంటుంది, ఒంటికి తగిలితే దురద, పొక్కులు తెప్పించే తీగ. ఒక్కో కాడకు మూడేసి ఆకులు, చెట్లకు పాకితే వెంట్రుకల్లాంటి వేళ్లు. ఇది మామిడి, జీడిమామిడి కుటుంబానికే చెందిన మొక్క. మామిడి సొన తగిలితే మూతి పొక్కేవాళ్లు మీ ఇంట్లో ఉంటే వాళ్లను ఇంకా జాగ్రత్తగా నడిపించండి. తగిలితే వెంటనే సబ్బుతో, ధారాళంగా నీళ్లతో కడగాలి. గాలం కర్రను, బూట్లను కూడా కడగండి, ఆకుల జిడ్డు వాటి మీద చాలా రోజులు ఉంటుంది.

చేపలు పట్టేవాళ్లు మర్చిపోయేది వేటగాళ్లను. ఏప్రిల్ చివరి నుంచి మే దాకా టర్కీ కోళ్ల వేట, నవంబర్ నుంచి ఫెజెంట్ పక్షుల వేట, చలికాలంలో జింకల వేట. ఎవరి తప్పూ కాదు, ఈ నేల వాళ్లదీనూ. ఆ నెలల్లో మెరిసే నారింజరంగు చొక్కానో టోపీనో వేసుకోండి. టర్కీ సీజన్‌లో ఎరుపు, తెలుపు, నీలం వద్దు, మగ టర్కీ తల రంగులవే. పొదల్లో అడ్డదారులు పట్టకుండా బాట మీదే నడవండి.

లైసెన్స్ 16 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ కావాలి. 70 దాటిన న్యూజెర్సీ వాసులకు అక్కర్లేదు గానీ, ఇండియా నుంచి చూడటానికి వచ్చిన నాన్నగారికి 72 ఏళ్లున్నా ఆ మినహాయింపు వర్తించదు, ఆయనకు నాన్‌రెసిడెంట్ లైసెన్స్ తీసుకోవాలి. కాసేపు కర్ర పట్టుకుని నిలబడ్డా చేపలు పట్టినట్టే లెక్క. వాళ్లను ఊరికే ఒకసారి తీసుకెళ్లాలనుకుంటే రాష్ట్రం ఏటా రెండు ఉచిత ఫిషింగ్ రోజులు ఇస్తుంది, ఆ రోజుల్లో వెళ్లండి. కన్సర్వేషన్ పోలీస్ ఆఫీసర్ వచ్చి అడిగితే కంగారు పడకుండా చూపించండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 15 వరకు బాస్ గుడ్లు పెట్టే కాలం, పడినదాన్ని వెంటనే వదిలేయాలి.

పాముల గురించి అనవసరంగా భయపడొద్దు. నీళ్లలో కనిపించేది దాదాపు ఎప్పుడూ విషం లేని వాటర్ స్నేకే. చంపొద్దు, దారివ్వండి చాలు. క్యాట్‌ఫిష్ ముళ్లు మన జెల్లల ముళ్లలాగే గుచ్చుకుంటాయి, పిల్లల చేత గాలం విప్పించకండి. ఉరుము వినపడితే కర్ర కింద పడేసి కారులోకి వెళ్లండి. గ్రాఫైట్ కర్ర కరెంటును బాగా లాగుతుంది. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. తెగిన నైలాన్ దారం గట్టున వదలొద్దు, బాతుల కాళ్లకు చుట్టుకుంటుంది.

జులై, ఆగస్టుల్లో నీళ్ల మీద చిక్కటి పచ్చటి తెట్టు కడితే ఆ రోజు గాలం వేయకండి. అది విషం పుట్టించే సయనోబాక్టీరియా కావచ్చు. ఆ నీళ్లు తాగిన కుక్కలు చనిపోవచ్చు, చేతులు ముంచిన పిల్లలకు దద్దుర్లు, వాంతులు రావచ్చు. 1-877-927-6337 రాష్ట్ర పర్యావరణ శాఖ హాట్‌లైన్, అక్కడికి చెప్పండి.

తిండి విషయంలో మనకు పట్టింపు ఎక్కువ కాబట్టి ఇదీ చెప్పాలి. చేపలను తినే చేపల్లో, అంటే బాస్, పికరెల్ లాంటి వాటిలో పాదరసం పేరుకుంటుంది, వయసు ముదిరి పెద్దదయ్యేకొద్దీ ఎక్కువ. పులుసు పెట్టినా, వేపుడు చేసినా అది పోదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు వీటి జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఏ చెరువు చేప నెలకు ఎన్నిసార్లు తినొచ్చో రాష్ట్రం ఇచ్చే సలహా పట్టిక చూసుకోండి. తినాలనుకుంటే చిన్న బ్లూగిల్స్ మేలు.

ఇక కొరమీను. డెలావేర్ నది దిగువ ఉపనదుల్లో నార్దర్న్ స్నేక్‌హెడ్ పట్టుబడింది, అది మన కొరమీనుకు దగ్గరి చుట్టమే. ఎప్పుడైనా పడితే ఎంత ముచ్చటేసినా ప్రాణంతో బకెట్‌లో ఇంటికి తెచ్చుకోకూడదు, తిరిగి నీళ్లలోనూ వదలకూడదు. ఇక్కడి చేపల పిల్లలను తినేసే పరదేశపు జాతి అది. అక్కడికక్కడే చంపి, ఫోటో తీసి, రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖవాళ్లకు ఎక్కడ పడిందో చెప్పాలి.