శిబిరంలో స్నానానికి సొంతంగా చేసుకునే షవర్

బయట గుడారం వేసుకుని రెండు మూడు రోజులు గడిపేవారికి స్నానం పెద్ద ఇబ్బందే అయినా, తోటపనికి వాడే చేతిపంపు స్ప్రేయర్ ఒకటి ఉంటే అది చాలావరకు తీరిపోతుంది. 5 నుంచి 8 లీటర్లు పట్టే కొత్త స్ప్రేయర్ తీసుకుని, గొట్టం చివరనున్న సన్నని నాజిల్‌ను తొలగించి, నొక్కితేనే నీళ్లు వచ్చే చిన్న హ్యాండ్ షవర్‌ను అమర్చి, మరచుట్ల మీద నీళ్లు కారకుండా ఆపే టెఫ్లాన్ టేపు చుట్టి, గొట్టాన్ని క్లిప్పుతో బిగించాలి. పురుగుమందు ఒక్కసారైనా పోసిన డబ్బాను, ఎంత కడిగినా సరే, దీనికి వాడకూడదు.

నీటిని బయటికి నెట్టేది లోపల ఒత్తిడికి గురైన గాలే కాబట్టి, డబ్బాను అంచుదాకా నింపకుండా పావు వంతు ఖాళీ వదలాలి. 20 డిగ్రీల నీళ్లు 3 లీటర్లకు మరిగే నీళ్లు 1 లీటరు చొప్పున వేరే గిన్నెలో కలిపితే దాదాపు 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు సిద్ధమవుతాయి. మరిగే నీళ్లను నేరుగా ప్లాస్టిక్ డబ్బాలో పోయడం ప్రమాదకరం. మూత తీసే ముందు లోపలి ఒత్తిడిని తప్పక వదిలేయాలి.

కొమ్మకు వేలాడదీసే క్యాన్ ఇంతకన్నా చౌకే గాని, మీటరు ఎత్తుకు సుమారు 0.1 బార్ (వాతావరణ పీడనంలో దాదాపు పదో వంతు) ఒత్తిడే వస్తుంది కనుక ధార బలహీనంగా ఉంటుంది. పైన గాలి రంధ్రం లేకపోతే ఆ కాస్త ధారా ఆగి ఆగి వస్తుంది. ఏ పద్ధతిలోనైనా సబ్బు నీళ్లు వాగులో కలవకుండా కనీసం 60 మీటర్ల దూరంలో స్నానం చేయాలి.