రాత్రి పూట యాక్సిడెంట్ కేసొస్తే ఎవరెక్కడ నిలబడాలి

నేను చెన్నైలో ఒక మీడియం సైజు హాస్పిటల్లో క్యాజువాలిటీ, అంటే ఎమర్జెన్సీ వార్డు, చూస్తా, మాది నాయుడుపేట, అందుకే తడ, సూళ్లూరుపేట వైపు నుంచి హైవే మీద దెబ్బలు తగిలి మనవాళ్లెవరొచ్చినా స్టాఫ్ ముందు నన్నే కేకేస్తారు. మొన్న నెల్లూరులో సొంత హాస్పిటల్ పెట్టుకున్న ఫ్రెండ్ ఫోన్ చేసి, ట్రామా యూనిట్, అంటే యాక్సిడెంట్ దెబ్బల కేసులు చూసే విభాగం, పెట్టాలంటే ఏం మెషిన్లు కొనాలిరా అన్నాడు. మెషిన్ల సంగతి తర్వాత, పేషెంటొచ్చిన మొదటి పది నిమిషాలు ఎవరేం చేస్తారో రాసి ముందు గోడకంటించు అన్నా. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

మొదట ఫోన్. 108 వాళ్లు దారిలోంచి చేస్తే రిసెప్షన్లో ఎత్తకూడదు, క్యాజువాలిటీ సిస్టరే ఎత్తాలి. వయసెంత, ఎప్పుడు జరిగింది, ఎలా జరిగింది, ఎక్కడ దెబ్బలు, బీపీ పల్స్ ఎంత, మాట్లాడుతున్నాడా, దారిలో ఏమిచ్చారు, ఇవన్నీ ఒక కాయితం మీద ప్రింట్ కొట్టించి ఫోన్ పక్కనే పెట్టండి. బీపీ 90 కంటే తక్కువున్నా, స్పృహ సరిగా లేకపోయినా, ఛాతీలోనో పొట్టలోనో ఏదైనా గుచ్చుకున్నా సిస్టర్ ఎవర్నీ అడక్కుండా టీమ్ మొత్తాన్ని పిలిచేయాలి. అనవసరంగా పిలిచావని ఒక్కసారి కసిరారా, ఇంకోసారి ఆమె పిలవదు, అసలు పిలవాల్సిన రోజు కూడా పిలవదు.

ఇక నిలబడే చోట్లు. తల దగ్గర అనస్థీషియా డాక్టర్, ఒక పక్క పరీక్ష చేసే డాక్టర్, రెండో పక్క సిస్టర్ రెండు గ్రే క్యానులాలతో (నరంలోకి గుచ్చే లావు సూదులు), కాళ్ల దగ్గర లీడర్. లీడర్ చేతులు కట్టుకునే ఉండాలి, పేషెంట్ మీద చెయ్యేయకూడదు. ఈజీ అనుకుంటారు, కాదు. ఒక రాత్రి బైక్ కేసులో నేనే లీడర్ని, చెస్ట్ ట్యూబ్ (ఛాతీలో చేరిన గాలి, రక్తం బయటకి తీసే గొట్టం) ఆలస్యమవుతోందని ఆగలేక నేనే గ్లౌజులేసుకున్నా, ట్యూబ్ బాగానే పడింది, తీరా తలెత్తి చూస్తే బీపీ 70, మానిటర్ మోగుతూనే ఉంది, బ్లడ్‌కి ఎవర్నీ పంపలేదు, ఇంకొకరు పంపుంటారులే అని ఎవరికి వాళ్లు అనుకున్నారు. జీన్స్ ప్యాంట్ కూడా కత్తిరించలేదు, తొడెముక విరిగి లోపలే కారిపోతోంది. ఒక్క తొడలోనే లీటరున్నర దాకా పోవచ్చు, బయటకి చుక్క కనపడదు.

చూసే వరస అందరికీ తెలిసిందే, ముందు కారిపోతున్న రక్తం ఆపడం, తర్వాత గొంతు, ఊపిరి, రక్తప్రసరణ, మెదడు, చివర్లో బట్టలన్నీ తీసి ఒళ్లంతా చూడటం. ఈ పద్ధతి పుట్టింది కూడా ఒక డాక్టర్ కడుపుమంట వల్లే. 1976లో అమెరికాలోని నెబ్రాస్కాలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల సర్జన్ నడుపుతున్న చిన్న విమానం పొలాల్లో కూలింది, భార్య పోయింది, పిల్లలకి దెబ్బలు, అక్కడి చిన్న హాస్పిటల్లో వాళ్లని చూసిన తీరు ఆయనకి మింగుడు పడలేదు, 1978లో డాక్టర్లకి మొదటి ట్రైనింగ్ కోర్సు పెట్టారు, అదే ఇప్పటి ఏటీఎల్ఎస్ (అడ్వాన్స్‌డ్ ట్రామా లైఫ్ సపోర్ట్).

అన్నిటికంటే ఎక్కువ తేడా కొట్టేది బ్లడ్ దగ్గర. మేం ఒకసారి ఉత్తుత్తి కేసు పెట్టి టైమ్ చూశాం, బ్యాగ్ బెడ్ దగ్గరకి రావడానికి 14 నిమిషాలు, అందులో ఆరు నిమిషాలు లిఫ్ట్ కోసం, ఒక సంతకం కోసం. అప్పట్నుంచి ట్రామా కాల్ వచ్చిందంటే వార్డ్ బాయ్ ఒకడు బాక్స్ పట్టుకుని ముందే బ్లడ్ బ్యాంక్ తలుపు దగ్గర నిలబడతాడు, సంతకం సంగతి తర్వాత చూసుకుంటాం. ఓ నెగటివ్ గ్రూపు బ్లడ్ మన దగ్గర దొరకడం కష్టం కాబట్టి మగవాళ్లకి ఓ పాజిటివ్‌తో మొదలుపెట్టేయొచ్చు, ఆడపిల్లల కోసం నెగటివ్ దాచండి. సెలైన్ బాటిళ్ల మీద బాటిళ్లు ఎక్కించకండి, బ్లడ్ పల్చబడి గడ్డకట్టదు. రక్తం కారడం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఒక గ్రాము పది నిమిషాల్లో, ఇంకో గ్రాము ఎనిమిది గంటల్లో. 2010లో 20 వేల మందికి పైగా పేషెంట్లతో చేసిన క్రాష్-2 ట్రయల్లో దీనివల్ల చావులు తగ్గాయి, కానీ మూడు గంటలు దాటాక ఇస్తే ఉల్టా చేటే. ఫోన్లో ఎప్పుడు జరిగిందని అడగమన్నది ఇందుకే. ఈ ఇంజెక్షన్ ట్రాలీలోనే ఉండాలి, ఫార్మసీలో బిల్లు కొట్టాక వచ్చేలా కాదు.

ఏసీ ఆపేయండి. చెన్నై మే నెలలో చలేంటి అని నవ్వుతారు, బట్టలు తీసేసి చల్లటి సెలైన్ ఎక్కించిన మనిషిని ముట్టుకుని చూడండి. ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టడం మానేస్తుంది.

బీపీ నిలబడని పేషెంట్‌ని సీటీకి తోయొద్దు, బెడ్ దగ్గరే అల్ట్రాసౌండ్ స్కాన్ చేసి ఆపరేషన్ థియేటర్‌కి. మీ దగ్గర న్యూరోసర్జన్ లేకపోతే ఫిల్ముల కోసం కూర్చోకుండా న్యూరోసర్జన్ ఉన్న హాస్పిటల్ డాక్టర్‌తో మాట్లాడి పంపేయండి. ఎంఎల్‌సీ (పోలీసు కేసు కోసం రాసే మెడికో లీగల్ రికార్డు) రాయాలి, కానీ ముందు వైద్యం, 1989లోనే సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో తేల్చేసింది. డబ్బుల గురించి పేషెంట్‌తో వచ్చినవాళ్లకి ఒక ముక్క చెప్పండి, తమిళనాడు 2021 డిసెంబర్లో పెట్టిన నమ్మై కాక్కుమ్ 48 స్కీమ్ లిస్టులో ఉన్న హాస్పిటళ్లలో మొదటి 48 గంటలు ఫ్రీ, వేరే రాష్ట్రం వాళ్లకి కూడా. కానీ యాక్సిడెంట్ తమిళనాడులో జరగాలి, బోర్డర్‌కి తమిళనాడు వైపున్న ఆరంబాక్కంలో పడితే వర్తిస్తుంది, ఆంధ్రా వైపున్న తడలో పడితే లేదు. మనవాళ్లు చాలామందికి ఇది తెలీదు.

మెషిన్లేం కొనాలన్నాడు కదా, ఒక అల్ట్రాసౌండ్, ఒక బ్లడ్ వార్మర్ (ఎక్కించే రక్తాన్ని వెచ్చబెట్టేది), బట్టలు కత్తిరించడానికి నాలుగు పెద్ద కత్తెరలు. కత్తెరలని బ్యాండేజ్ గుడ్డతో ట్రాలీకి కట్టేయమన్నా, మా దగ్గర కట్టకముందు వారానికొకటి మాయమయ్యేది.