ఫోటో ఎక్కడ చెడిందో పసిగట్టడం: కొత్తగా కెమెరా పట్టినవాళ్లకి

కెమెరా కొనగానే నలుగురూ ఇచ్చే సలహా ఒకటుంది: ఆటో వదిలేసి నేరుగా మాన్యువల్‌లోకి దిగమని. మొదటి రెండు నెలలు ఆ మాట పక్కన పెట్టండి. మాన్యువల్‌లో అపెర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం సైజు), షట్టర్ స్పీడ్ (వెలుతురు లోపలికి వచ్చే సమయం), ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలన్నది) మూడూ మీరే తిప్పాలి. ఫోటో పాడైతే దోషం దేనిదో తేలదు. ఒక్కటే తిప్పుతూ ఫలితం చూసుకుంటే తప్పు తొందరగా దొరుకుతుంది. చెడిన ఫోటోని డిలీట్ చేసే ముందు అది ఎందుకు చెడిందో చదవడం అలవాటైతే చదువు సగం అయినట్టే.

డయల్‌ని అపెర్చర్ ప్రయారిటీ మీద పెట్టండి. నికాన్, సోనీ కెమెరాల్లో అది ‘ఏ’, కెనాన్‌లో ‘ఏవీ’. అపెర్చర్ మీరు ఎంచుకుంటారు, దానికి తగ్గ షట్టర్ స్పీడ్‌ని కెమెరా చూసుకుంటుంది. ఐఎస్ఓని ఆటోలో ఉంచి, మెనూలో దాని గరిష్ఠ పరిమితి 3200 అనీ, కనీస షట్టర్ స్పీడ్ 1/125 సెకను అనీ పెట్టండి. ఈ రెండో సెట్టింగ్ జోలికి చాలామంది పోరు. అది లేకపోతే పొద్దు వాలగానే కెమెరా 1/30కి దిగిపోతుంది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే అన్నీ అలుక్కుపోయి ఉంటాయి.

అపెర్చర్ అంకెలు 2.8, 4, 5.6, 8, 11, 16; వీటిని ఎఫ్/8 లాగా రాస్తారు. ఒక్కో మెట్టు ఎక్కితే లోపలికొచ్చే వెలుతురు సగమవుతుంది, ఫోకస్‌లో ఉండే లోతు పెరుగుతుంది. మబ్బు లేని మిట్టమధ్యాహ్నం ఎఫ్/8, ఐఎస్ఓ 100 దగ్గర కెమెరా 1/400కి అటూఇటూగా చూపించాలి. మరీ తేడాగా ఉంటే నిన్న మార్చిన ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కకన్నా ఫోటోని వెలుతురుగానో చీకటిగానో మార్చే +/- సెట్టింగ్) సున్నాకి రాలేదని అర్థం.

కెమెరాతో వచ్చే 18-55 లెన్స్ చాలు. ఆ తర్వాత కొనదగ్గది 50 ఎంఎం ఎఫ్/1.8 అంటారు కానీ, చిన్న సెన్సర్ కెమెరా మీద అది 75, కెనాన్‌లో అయితే 80 ఎంఎంలా పనిచేస్తుంది. హైదరాబాద్ పాతబస్తీ గల్లీల్లో వెనక్కి జరగడానికి చోటుండదు, అక్కడికి 35 ఎంఎం నయం. కోఠి వైపు సెకండ్‌హ్యాండ్ కెమెరా చూడబోతే ఫోన్ టార్చ్‌ని లెన్స్ వెనక నుంచి వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, ధర ఎంత తగ్గించినా వద్దు. ఎఫ్/16లో తెల్ల గోడని ఫోటో తీసి చూడండి. నల్ల చుక్కలుంటే సెన్సర్ మీద దుమ్ము. అది శుభ్రం చేయించుకోవచ్చు, బేరానికీ పనికొస్తుంది.

మసకలో మూడు రకాలు

కొత్తవాళ్ల ఫోటోల్లో ఎక్కువ పాడయ్యేది మసక వల్లే. మసక అంతా ఒకటి కాదు. తెర మీద ఫోటోని పూర్తిగా జూమ్ చేసి చూడండి.

ఫ్రేమ్ మొత్తం ఒకే దిక్కుకి సాగినట్టుండి, దూరపు బల్బులు చుక్కలుగా కాక చిన్న గీతలుగా కనిపిస్తే అది చెయ్యి కదలడం. ఫోకల్ లెంగ్త్‌ని (లెన్స్ మీద ఎంఎంలో ఉండే అంకె) ఒకటిన్నరతో గుణించి, షట్టర్ స్పీడ్ కింది అంకె అంతకన్నా తగ్గకుండా చూసుకోండి. 55 ఎంఎం దగ్గర 1/80 కంటే నెమ్మది వద్దు. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, బటన్‌ని పొడవకుండా మెల్లగా నొక్కండి. వరసగా మూడు తీస్తే మధ్యది తరచూ బాగా వస్తుంది, ఎందుకంటే నొక్కేటప్పుడూ వదిలేటప్పుడూ కెమెరా కదులుతుంది.

వెనకున్న గోడ స్పష్టంగా ఉండి మనిషి మాత్రమే చెదిరితే కదిలింది మనిషి. లెన్స్‌లో ఉండే స్టెబిలైజేషన్ దీనికి ఏమీ చెయ్యలేదు. అది మీ చేతి వణుకునే ఆపుతుంది, ఎదుటివాళ్ల కదలికని కాదు. లాడ్‌బజార్‌లో లక్కగాజుని వేడిమీద తిప్పే చేతులకి 1/250 కావాలి. నడిచే మనిషికీ అంతే. పరుగెత్తే పిల్లలకీ ఆటోకీ 1/500, అమీన్‌పూర్ చెరువు మీద ఎగిరే పక్షికి 1/1000 పైన. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ పెంచండి. గరుకు వచ్చినా ఫోటో పనికొస్తుంది, సాగిపోయిన ముఖాన్ని ఎవరూ బాగుచేయలేరు.

మూడోది ఫోకస్ తప్పడం. ఎక్కడో ఒకచోట స్పష్టంగానే ఉంటుంది, కావలసిన చోట కాదు. ఫోకస్ పాయింట్‌ని కెమెరాకే వదిలేస్తే దగ్గరున్నదాన్నో, గట్టి అంచున్నదాన్నో పట్టుకుంటుంది. సింగిల్ పాయింట్ ఎంచుకుని, దగ్గరి కంటి మీద పెట్టి, బటన్ సగం నొక్కి, ఖాయమయ్యాక పూర్తిగా నొక్కండి. నిలబడ్డ మనిషికి ఏఎఫ్-ఎస్ (పట్టిన ఫోకస్ అక్కడే ఆగే మోడ్), కదిలేదానికి ఏఎఫ్-సి (ఫోకస్ వెంటాడే మోడ్). కెనాన్‌లో వీటి పేర్లు వన్ షాట్, సర్వో. ఏఎఫ్-ఎస్‌లో ఫోకస్ ఖాయమయ్యాక మీరు ఒక అడుగు ముందుకి వంగినా ఫోకస్ పోయినట్టే. 50 ఎంఎం లెన్స్‌ని ఎఫ్/1.8లో పెట్టి మీటరు దూరంలో మనిషిని తీస్తే స్పష్టంగా ఉండే లోతు దాదాపు 3 సెంటీమీటర్లే. కనురెప్పలు బాగుండి చెవులు మసకబారతాయి. ముఖాలకి ఎఫ్/2.8 నుంచి 4 మధ్య ఉండటమే మేలు.

ఇడ్లీ ఎందుకు బూడిదరంగులో వస్తుంది

కెమెరా మీటర్‌కి ఎదురుగా ఉన్నది ఏమిటో తెలియదు. అంతా సగటు బూడిదరంగే అనుకుని లెక్క వేస్తుంది. అందుకే తెల్ల ప్లేట్లో ఇడ్లీలు ఫ్రేమ్ నిండా తీస్తే మురికిగా వస్తాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +1 పెట్టండి. నల్ల బుర్ఖాలో ఉన్నవాళ్లనీ, గేదెనీ దగ్గరగా తీస్తే నలుపు వెలిసిపోతుంది. అప్పుడు -1. తెర మీద బొమ్మ ప్రకాశాన్ని నమ్మకండి, ఎండలో అది ఎప్పుడూ మబ్బుగానే కనిపిస్తుంది. హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుతురు ఎంతుందో చూపే గ్రాఫ్) చూడండి. కుడి అంచుకి గుట్టగా ఆనుకుంటే తెలుపు మాడిపోయింది, ఆ వివరం మళ్లీ రాదు. నీడలో దాగినదాన్ని మాత్రం రా ఫైల్‌లో (సెన్సర్ పట్టినదంతా కెమెరా మలచకుండా దాచే ఫైల్) చాలావరకు పైకి తేవచ్చు. అందుకే రా, జేపెగ్ రెండూ కలిపి తీయండి. జేపెగ్ 8 బిట్లది, రా 12 లేదా 14 బిట్లది. 24 మెగాపిక్సెల్ కెమెరాలో 64 జీబీ కార్డుకి రెండూ కలిపినా వెయ్యికి పైగా పడతాయి.

ట్యాంక్‌బండ్ మీద సాయంత్రం ఒకే చోట రెండు పాఠాలు దొరుకుతాయి. అక్కడ నిలబడితే సూర్యుడు హుస్సేన్‌సాగర్ అవతల, బుద్ధ విగ్రహం వెనక వైపు దిగుతాడు. విగ్రహం నల్లటి ఆకారంగా రావాలంటే -1, ఇంకా గాఢంగా కావాలంటే -2. స్నేహితుణ్ణి ముందు నిలబెట్టి ముఖం కనిపించాలంటే +1.5, ఆకాశం తెల్లబడుతుంది. రెండూ కావాలంటే ఫ్లాష్ వేయాలి. సూర్యుడు మునగగానే బ్యాగ్ సర్దేసుకోకండి. తర్వాతి పావుగంట, ఇరవై నిమిషాల్లో ఆకాశపు నీలమూ వీధి దీపాలూ సమతూకంలో ఉంటాయి.

చార్మినార్‌కి ఏ వైపు నుంచి

1591లో కట్టిన చార్మినార్ నాలుగు కమానులూ నాలుగు దిక్కులకి తిరిగి ఉంటాయి. కాబట్టి వెలుతురుని ముందే లెక్కేసుకోవచ్చు. పొద్దున తూర్పు ముఖం మీద ఎండ పడుతుంది, అటు నిలబడాలి. లాడ్‌బజార్ పడమర వైపు ఉంది. పొద్దున అక్కడి నుంచి తీస్తే ఎదురెండ, సాయంత్రం అయితే సున్నం పూల నగిషీ మీద నేరుగా ఎండ పడి అంతా స్పష్టంగా కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం కమానుల కింద చిక్కటి నీడ, పైన తెల్లటి ఎండ. ఆ వేళ కట్టడాన్ని వదిలేసి నీడలో కూర్చున్న మనుషుల్ని తీయండి.

దగ్గర నిలబడి కెమెరా పైకెత్తితే మినార్లు లోపలికి వాలినట్టు వస్తాయి. లెన్స్ దోషం కాదది, కెమెరాని వంచడం వల్ల వస్తుంది. ఉత్తరాన గుల్జార్ హౌజ్ దాకా వెనక్కి వెళ్లి, కెమెరా నిటారుగా పట్టుకుని, కింద మిగిలిన ఖాళీని తర్వాత కోసేయండి. చార్మినార్‌లో, గోల్కొండలో ట్రైపాడ్ వాడాలంటే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. దుకాణదారుల్ని తీసేముందు “భయ్యా, ఒక ఫోటో తీసుకోవచ్చా?” అని అడగండి. వద్దంటే కెమెరా దించేయాలి.

రాత్రి గాజుల దుకాణాల ముందు ఫోటోలో అడ్డంగా చారలు పడుతున్నాయా? మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. సైలెంట్ షట్టర్ ఆపేసి, షట్టర్ ప్రయారిటీలో (షట్టర్ స్పీడ్ మీరు ఎంచుకునే మోడ్) 1/100 లేదా 1/50 పెడితే చారలు పోతాయి. రంగు మరీ పసుపుగానో పచ్చగానో ఉంటే రా ఫైల్‌లో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా చేసే సెట్టింగ్) సరిచేసుకోవచ్చు. కానీ రెండు రంగుల దీపాలు ఒకే ముఖం మీద పడితే సరిచేయడం కష్టం, మనిషిని ఒక దీపం వైపుకి జరగమనండి.

నొక్కేముందు ఫ్రేమ్ నాలుగు అంచులూ ఒకసారి చుట్టి చూడండి: కేబుల్ వైర్లు, ఫ్లెక్సీలు, సగం తెగిన ఆటో. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద తీసిన చిత్రాలు దొరికితే అంచుల కోసమే చూడండి. ఏది ఉంచాలో, ఏది వదలాలో ఆయన ఎలా తేల్చారో తెలుస్తుంది.

దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జిని రాత్రి తీయాలంటే బ్రిడ్జి మీద కాక చెరువు గట్టున ట్రైపాడ్ పెట్టండి, బండ్లు పోతుంటే వంతెన అదురుతుంది. ఆటో ఐఎస్ఓ ఆపేసి ఐఎస్ఓ 100, ఎఫ్/8, 2 సెకన్ల టైమర్. స్టెబిలైజేషన్ కూడా ఆపండి. లైట్ల రంగులు మారుతుంటే 10 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో అవన్నీ కలిసిపోతాయి. ఐఎస్ఓ 400కి పెంచి 2 సెకన్లకి తగ్గించండి.

వానాకాలంలో ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. అరగంట బ్యాగ్ జిప్ తీయకుండా ఉంచండి. ఆ తడిలో లెన్స్ మార్చకండి. ఇంట్లో మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ వేసి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. రంగు మారే రకం సిలికా జెల్ అయితే ఎప్పుడు మార్చాలో చూడగానే తెలుస్తుంది. లెదర్ కేసులో మాత్రం దాచకండి, తోలు తేమని పట్టి ఉంచుతుంది. ఒక లెన్స్‌కి ఫంగస్ కనిపిస్తే దాన్ని మిగతావాటి డబ్బాలోంచి ఆ రోజే తీసేయండి.