వేసవిలో బహ్రెయిన్ వెళ్తున్నారా? ముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

స్కూళ్లకు సెలవులివ్వగానే మనవాళ్లు బహ్రెయిన్ టికెట్ల రేట్లు చూడటం మొదలుపెడతారు. కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వచ్చే అమ్మానాన్నలు, భర్త అక్కడ పనిచేస్తుంటే పిల్లల్ని తీసుకుని వచ్చే ఆడవాళ్లు, హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది కదా అని నాలుగు రోజులు చూసిపోదామనుకునేవాళ్లు. ఇంతకుముందు వచ్చి వెళ్లినవాళ్లు వీళ్లందరికీ చెప్పే మాట దాదాపు ఒకటే: చిన్న దేశం, రెండు రోజుల్లో అంతా చూసేయొచ్చు, జనం మంచివాళ్లు, దుబాయ్ అంత హడావుడి ఉండదు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ వాళ్లలో చాలామంది వచ్చింది డిసెంబర్‌లోనో జనవరిలోనో. అదే ధీమాతో జులైలో దిగితే మాత్రం, ముఖ్యంగా పెద్దవాళ్లు వెంట ఉంటే, చాలా ఇబ్బంది పడతారు.

"రామగుండం ఎండలు చూసినవాళ్లం, మాకిదో లెక్కా" అంటారు. దయచేసి అలా అనుకోవద్దు. మన దగ్గర ఎండ పొడి ఎండ, చెట్టు కిందికో ఇంట్లోకో వస్తే కాస్త ఊపిరి తీసుకోవచ్చు. బహ్రెయిన్ చుట్టూ ఉన్నది లోతు తక్కువ సముద్రం, అది కూడా వేడెక్కిపోతుంది, దాంతో జులై చివరి నుంచి సెప్టెంబర్ దాకా గాలిలో తేమ ఎంత ఉంటుందంటే రాత్రి పదింటికి ఏసీ గదిలోంచి బయట అడుగుపెడితే కళ్లద్దాల మీద ఆవిరి పట్టేసి ఎదురుగా మనిషి కనపడడు. చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ప్రమాదమంతా అక్కడే ఉంది. జూన్‌లో ఉక్క కాస్త తక్కువే గానీ షమాల్ అనే వాయవ్య గాలి దుమ్ము ఎత్తిపోస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ సూట్‌కేసులో కాదు, జేబులో పెట్టుకోవాలి.

అక్కడి ప్రభుత్వమే వేసవిలో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఆరుబయట పనులు నిషేధిస్తుంది. ఇదివరకు జులై, ఆగస్టు మాత్రమే ఉండేది, 2025 నుంచి జూన్ 15 - సెప్టెంబర్ 15 చేశారు. రోజూ ఎండలో పనిచేసే ఒళ్లకే ఆ సమయం వద్దన్నప్పుడు, చూడ్డానికి వచ్చినవాళ్లు ఆ నాలుగు గంటలూ తిరగాల్సిన అవసరం ఏముంది? పొద్దున తొమ్మిదిలోపు ఒకటి, సాయంత్రం ఐదు తర్వాత ఒకటి, మధ్యలో ఇల్లో, షాపింగ్ మాలో, మ్యూజియమో. రాజధాని మనామాలోని నేషనల్ మ్యూజియం ఇందుకు బాగా పనికొస్తుంది, ఇక్కడ వేల ఏళ్ల కిందట వర్ధిల్లిన దిల్మున్ నాగరికత నాటి సమాధులు ఎలా ఉండేవో చల్లగా లోపలే చూడొచ్చు. ఆలీ ఊళ్లో ఆ మట్టిదిబ్బలు అసలువే ఉన్నాయి, 2019లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కాయి, కానీ అక్కడ నీడ తక్కువ. బహ్రెయిన్ కోట పొద్దు వాలాకే వెళ్లండి. ముహర్రక్ పాత వీధుల్లో ముత్యాల వ్యాపారుల ఇళ్లు నడిచి చూడాల్సినవి, వేసవిలో అయితే ఒకటి రెండు చూసి ఆపేయండి, మొత్తం దారి నడవాలనే పట్టుదల వద్దు.

ఎడారిలో నాలుగు వందల ఏళ్లుగా ఒంటరిగా నిలబడ్డ చెట్టు, షజరత్ అల్ హయాత్ (జీవవృక్షం), చూడ్డానికి అందరూ వెళ్తారు. దాని గురించి గట్టిగా చెప్పాలి. మనామా నుంచి కారులో ముప్పావు గంటే, కానీ అక్కడ దుకాణాలు వరసగా ఉంటాయనుకోవద్దు, తిరుగు టాక్సీ దొరుకుతుందనుకోవద్దు. వెళ్లిన టాక్సీనే వెయిటింగ్‌లో ఉంచుకోండి, డబ్బులు ముందే మాట్లాడుకోండి. మనిషికి రెండు సీసాల నీళ్లు, ఫోన్ ఫుల్ ఛార్జ్. ఎండలో ఫోన్‌తో వీడియో తీస్తూ ఉంటే అది వేడెక్కి ఆగిపోతుంది, సరిగ్గా టాక్సీవాడికి ఫోన్ చేయాల్సిన టైమ్‌లోనే.

ఇంట్లో కూడా ఒక విషయం. నీళ్ల ట్యాంకులు మేడ మీద ఎండలో ఉంటాయి, ఆగస్టులో చల్లనీళ్ల కుళాయి తిప్పితే చెయ్యి కాలే నీళ్లు వస్తాయి. అందుకే అక్కడివాళ్లు వేసవిలో గీజర్ ఆపేసి, రాత్రంతా గది చల్లదనానికి చల్లారిన ఆ గీజర్ నీళ్లతోనే పొద్దున స్నానం చేస్తారు. చంటిపిల్లలు ఉంటే రాత్రే బకెట్ పట్టి పెట్టుకోండి, కుళాయి కింద నేరుగా కడగొద్దు.

పెద్దవాళ్ల మందుల విషయం అన్నిటికంటే ముఖ్యం. బీపీకి వాడే మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని బయటికి పంపేవి, వాటితో ఈ ఉక్కలో నీరసం త్వరగా వస్తుంది. బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగండి, సొంతంగా మాత్ర ఆపొద్దు. ఇన్సులిన్ పార్క్ చేసిన కారులో ఐదు నిమిషాలు కూడా ఉంచొద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు తెచ్చుకోండి. ప్రతి సూపర్‌మార్కెట్‌లో లబాన్ అని మజ్జిగ లాంటిది దొరుకుతుంది, మనవాళ్లకు బాగా నచ్చుతుంది. తల తిరగడం, వాంతి వస్తున్నట్టు ఉండటం మొదలైతే వెంటనే ఏసీలోకి తీసుకెళ్లాలి. మాట తడబడినా, ఒళ్లు కాలిపోతూ మనిషి అయోమయంగా చూస్తున్నా ఆలోచించకుండా 999కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా ఒంటిని తడిగుడ్డతో తుడుస్తూ విసరాలి.

నిద్రమాత్రలు, గట్టి నొప్పిమాత్రలు, కోడీన్ ఉన్న దగ్గుమందు లాంటివాటికి ప్రిస్క్రిప్షన్ తప్పనిసరి. గసగసాలు గల్ఫ్‌లో చాలాచోట్ల నిషేధం, అమ్మ కలిపిచ్చిన మసాలా పొడిలో ఉన్నా సరే తీసేయండి. ఎయిర్‌పోర్టులో ఎవరో వచ్చి "మా తమ్ముడికి చిన్న ప్యాకెట్ అన్నా" అంటే, పక్క ఊరివాడైనా సరే, తీసుకోవద్దు. మొహమాటానికి పోయి గల్ఫ్ జైళ్లలో మగ్గినవాళ్లు ఉన్నారు.

డబ్బు దగ్గర మొదటి రోజు అందరూ తడబడతారు. ఒక దినారు అంటే వెయ్యి ఫిల్సులు, బిల్లు మీద 1.500 అని ఉంటే ఒకటిన్నర దినారు అని. దినారు మన రెండొందల రూపాయల పైమాటే. సౌదీ రియాళ్లు చాలా షాపుల్లో తీసుకుంటారు, పది రియాళ్లకు ఒక దినారు లెక్క. గురువారం సాయంత్రం నుంచి శనివారం దాకా కింగ్ ఫహద్ వంతెన మీదుగా సౌదీ కుటుంబాలు దిగుతాయి, హోటల్ రేట్లు పెరుగుతాయి, కుదిరితే ఆదివారం నుంచి బుధవారం పెట్టుకోండి.

రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమవైపు చూడాలి, బండ్లన్నీ కుడివైపు నడుస్తాయి. అల్ ఫాతే మసీదు లోపలికి ముస్లింలు కానివాళ్లనీ రానిస్తారు, శుక్రవారం తప్ప. ఆడవాళ్లకు ఒళ్లంతా కప్పే అబాయా అక్కడే ఇస్తారు. మనామా పాతబజారులో శ్రీనాథ్‌జీ గుడి ఉంది, రెండొందల ఏళ్ల నాటిది, తప్పక వెళ్లండి. ముహర్రం ఈ మధ్య వేసవిలోనే వస్తోంది, ఆ రోజుల్లో అక్కడ ఊరేగింపులకు దారులు మూసేస్తారు, మర్యాదగా పక్కకి నిలబడండి, అడగకుండా ఫొటోలు తీయొద్దు. ఆడవాళ్లని, పోలీసుల్ని, జుఫైర్ వైపు ఉన్న అమెరికా నేవీ స్థావరాన్ని అసలే తీయొద్దు.

2025 జూన్‌లో ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ దాడి చేసినప్పుడు బహ్రెయిన్ గగనతలం కూడా కాసేపు మూసేశారు. కాబట్టి టికెట్ కొనే ముందూ, బయల్దేరే ముందూ భారత రాయబార కార్యాలయం ప్రకటనలు చూడండి, మందులు వారం రోజులకు అదనంగా తెచ్చుకోండి, ఇన్సూరెన్స్ కాగితంలో యుద్ధం గురించి ఏం రాశారో చదవండి.

ఇక ఉద్యోగం కోసం వచ్చే తమ్ముళ్లకు ఒక్క మాట. "ముందు విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడికెళ్లాక వర్క్ వీసాకి మార్పిస్తాం" అనే ఏజెంట్‌కి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్ట్ అయితే బహ్రెయిన్ ఉద్యోగానికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి, ఏజెంట్‌కి లైసెన్స్ ఉందో లేదో భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవచ్చు. వర్క్ వీసా, కాంట్రాక్టు కాగితం చేతికొచ్చి, అందులో జీతం ఎంత రాశారో చదువుకున్నాకే విమానం ఎక్కండి.