కథ తడితే పది సెకన్లలో కాగితం మీద పెట్టడం ఎలా

‘బాగుంది, ఇంటికెళ్ళాక రాద్దాం’ అనుకున్న దగ్గరే చాలా కథలు పోతాయి. 1959లో లాయిడ్ పీటర్సన్, మార్గరెట్ పీటర్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. మూడక్షరాలు చెప్పి, వెంటనే ఒక మూడంకెల సంఖ్య నుంచి మూడేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నారు. 18 సెకన్లయ్యేసరికి ఆ మూడక్షరాలు సరిగ్గా చెప్పగలిగింది పదింట ఒకసారి లోపే. పొయ్యి కట్టేయడం, కాలింగ్ బెల్ మోగడం, ఫోన్ తెరవగానే ఎవరిదో మెసేజీ కనబడడం, అన్నీ ఆ లెక్కలాగే ధ్యాస లాక్కుంటాయి. మతిమరుపని తిట్టుకోకండి. తట్టిన పది సెకన్లలో రాయడం మొదలయ్యేలా సరంజామా అమర్చుకోండి.

ఏ4 కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిస్తే ఒక్కోవైపు ఎనిమిది గళ్ళు పడతాయి, చొక్కా జేబులో సరిపోతుంది. గడికొక ఆలోచన. జేబుల్లేని బట్టలైతే ఫోన్ కవరు వెనక పెట్టుకోండి. పెన్ను వద్దు, పొట్టి పెన్సిల్ ఉంచండి. వెల్లకిలా పడుకుని రాస్తే బాల్‌పెన్నులో ఇంకు ములికి వైపు దిగదు, నాలుగు మాటలకే ఆగిపోతుంది. వంటింట్లో ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి, పెన్సిల్‌ని దారంతో కట్టేయండి. కట్టకపోతే వారంలో మాయమవుతుంది.

స్నానాలగదికి తెల్లటి ప్లాస్టిక్ ముక్క తీసుకుని 400 నంబరు శాండ్‌పేపర్‌తో గరుకెక్కేదాకా రుద్దండి. దాని మీద పెన్సిల్ తడిలో కూడా రాస్తుంది. సబ్బూ పీచూ వేసి తోమితే పోతుంది.

ఫోనే వాడతానంటే వాయిస్ రికార్డర్ మొదటి తెర మీదే ఉండాలి. వాట్సాప్‌లో మనకి మనమే మెసేజీ పెట్టుకునే పద్ధతి సులువే గానీ, అక్కడికి వెళ్ళేలోపు ఊళ్ళోవాళ్ళ మెసేజీలన్నీ ఎదురొస్తాయి. వాయిస్ టైపింగ్ ఒక్కదాన్నే నమ్మకండి. మాండలికం, ఊరిపేర్లు, ఇంటిపేర్లు వచ్చాయంటే ఇంకేదో రాసిపెడుతుంది. మాట రూపం ముఖ్యమైనప్పుడు ఆడియో కూడా ఉంచుకోండి. బండి మీద ఉంటే పక్కకి తీసి ఆపాకే రికార్డు చేయండి. ఆపే వీల్లేకపోతే రెండు మాటలు ఎంచుకుని, ఆపేదాకా పైకే అనుకుంటూ ఉండండి.

ఇంత చేసినా ఎక్కువమంది దెబ్బతినేది ఏం రాశారన్న దగ్గర. ‘అమ్మ, తాళంచెవి’ అని రాసుకుంటే మూడు రోజుల తర్వాత అది పచారీ చీటీలా కనిపిస్తుంది. రాయాల్సింది వస్తువు పేరు కాదు, మనల్ని కుదిపిన మలుపు: ‘ఇల్లమ్మేశాక కూడా పాత తాళంచెవి కొంగున ముడేసుకు తిరిగే తల్లి. కొన్నవాళ్ళు తాళం మార్చేశారని కొడుక్కి తెలుసు, ఆమెకి తెలీదు.’ ఇలా రాస్తే నెలయ్యాక చూసినా కథ లేచి కూర్చుంటుంది. కాబట్టి మూడు పంక్తులు తప్పనిసరి. మొదటిది, తట్టిన వాక్యం తట్టిన మాటల్లోనే. వ్యాకరణం సరిచేయబోతే దాని పలుకుబడి పోతుంది. రెండోది, ఎవరికి ఏం తెలుసు, ఏం తెలీదు, లేదా ఏం కావాలి. మూడోది, దేన్ని చూస్తే తట్టిందో, ఎక్కడ ఉండగా తట్టిందో. ఈ మూడోదాన్నే అందరూ వదిలేస్తారు, కానీ మర్చిపోయిన మిగతా భాగాన్ని లాక్కొచ్చే దారం అదే.

అర్ధరాత్రి రాతకి జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్తకి 1920 ప్రాంతంలో నిద్రలో ఒక ప్రయోగం తట్టింది. లేచి చిన్న కాగితం మీద గీసుకుని పడుకున్నాడు, తెల్లారి తన రాత తనకే అర్థం కాలేదు. మర్నాటి రాత్రి మళ్ళీ తడితే, ఈసారి కాగితం జోలికి పోకుండా తిన్నగా ప్రయోగశాలకే వెళ్ళాడు. ఆ పనికే 1936లో నోబెల్ వచ్చింది. అందరికీ రెండోసారి తట్టదు. మెలకువ రాగానే కదలకుండా, కళ్ళు తెరవకుండా మొత్తం ఒకసారి తిరగేసుకోండి. చీకట్లో రాస్తే అక్షరాలు పెద్దవిగా రాయండి. ఎడమ బొటనవేలు పంక్తి మొదట్లో ఆనించి, ప్రతి పంక్తికీ కిందికి జరపండి. ఒకదాని మీద ఒకటి ఎక్కదు.

పాట పల్లవైతే మాటలు రాస్తే చాలదు. తాళం వేస్తూ పాడి రికార్డు చేయండి, లేకపోతే ఎత్తుగడ, అంటే తాళంలో పాట ఎక్కడ అందుకోవాలో, తర్వాత తేలదు.

చీటీలు రెండు రోజులకి మించి చీటీలుగా ఉండకూడదు. తేదీ వేసి ఒకే నోట్‌బుక్కులో, ఒక్కోదాన్ని అయిదారు వాక్యాలకి పెంచి రాయండి. ఆలోచన మంచిదా చెడ్డదా అన్న తీర్పు ఆ పూట వద్దు.

అప్పటికే మర్చిపోయారా? తట్టిన చోటికే వెళ్ళి, అదే పని మళ్ళీ చేయండి. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే తట్టిందంటే మళ్ళీ ఈనెలే తీయండి. అంతకు ముందు ఏమనుకుంటున్నారో వరసగా పైకి చెప్పండి. గుర్తొచ్చిన ముక్క ఎంత చిన్నదైనా, అది కోపమో నవ్వో అన్నంతవరకే అయినా, రాసేయండి. పది నిమిషాలు చూసి వదిలేయండి. పదేపదే తవ్వితే తప్పు ఆలోచనే మళ్ళీ మళ్ళీ వచ్చి అసలుదానికి అడ్డం పడుతుంది. దొరికిన ముక్క పక్కన రెండు పంక్తులు ఖాళీ వదిలి, మర్నాడు ఒకసారి చదవండి.