చదివించి చూద్దాం – 5వ పాఠం: స్థాయి పక్కన తప్పు కూడా రాయండి

కిందటి పాఠంలో బేస్‌లైన్ కాగితాన్ని, అంటే ఏ పిల్లాడు ఏ స్థాయిలో చదువుతున్నాడో మొదట్లో పరీక్షించి రాసుకున్న కాగితాన్ని, టీచర్ పక్కన కూర్చుని చూడమన్నాను. చాలామంది దాన్ని చుట్టుపక్కల బడుల టీచర్లంతా కూడే కాంప్లెక్స్ మీటింగ్‌లో బడులవారీగా చదివేశారు. రాజాం వైపు నుంచీ, చీపురుపల్లి వైపు నుంచీ రాసిన సీఆర్పీలది (బడుల చుట్టూ తిరిగి టీచర్లకు సాయపడే మీలాంటి క్లస్టర్ రిసోర్స్ పర్సన్లది) ఒకటే గోడు: ఆ రోజు నుంచి టీచర్లు నోరు విప్పడం లేదు, మళ్ళీ పరీక్ష పెడితే సగం తరగతి అమాంతం అన్నిటికంటే పైదైన కథ స్థాయికి ఎక్కేసింది. ఎక్కదూ మరి! నలుగురిలో తన బడి పేరు అడుగున వినిపించిన మాస్టారు రెండోసారి అడుగున ఎందుకుంటారు?

కాబట్టి కొత్త పాఠం కంటే ముందు ఆ దెబ్బ మాన్పాలి. ఈ వారం ఏ బడికెళ్ళినా పక్క బడి ఊసు, మండలం సగటు ఎత్తకండి. మూడో తరగతి కల్లా పిల్లలందరికీ చదవడం, లెక్కలు రావాలన్న నిపుణ్ భారత్ గడువు 2026-27 అని టీచర్‌కి గుర్తు చేయక్కర్లేదు, అది ఆవిడకి కంఠతా వచ్చు. "ఎవరి సంగతి మీకు అంతుపట్టడం లేదు మేడమ్?" అని అడిగి, ఆవిడ చెప్పిన ఇద్దరి చేత చదివించి, కలిసి వినండి. నేనైతే ట్యాబ్ సంచిలోంచి బయటకే తీయను. అది కనబడిందంటే తనిఖీ అనుకుంటారు.

అక్షరం, పదం, పేరా, కథ: ఈ మెట్లు ఎలా పరీక్షించాలో మీకు తెలిసిందే. కానీ 'పదం' అని రాసి ఉన్న ఎనిమిది మందికి సోమవారం ఏం చెప్పాలో ఆ ఒక్క మాట చెప్పదు. ఒకడు 'తోట'ని 'తొట' అంటాడు, వాడికి దీర్ఘం కావాలి. ఇంకొకత్తి 'బస్సు'ని 'బసు' అంటుంది, ఆ పిల్లకి వత్తులు కావాలి. అందుకే పలికింది పలికినట్టు పక్కనే రాయమంటున్నాను.

ఇక్కడే నాకు ఒళ్ళు మండే సంగతి ఒకటుంది. కాగితం మీద 'వెళ్ళాడు' అని ఉంది. గుంటడు 'ఎల్లేడు' అన్నాడు. తప్పు! 'వాళ్ళు'ని 'ఆళ్ళు' అన్నాడు. తప్పు! 'ఏమిటి'ని 'ఏటి' అన్నాడు. మళ్ళీ తప్పు! మూడు గీతలు పడేసరికి కథ నుంచి పేరాకి దించేశారు. వాడు ప్రతి అక్షరం చూశాడు, అర్థం పట్టాడు, ఇంట్లో అన్నట్టే అన్నాడు. 'వెళాడు' అని ఉంటే అది వేరు సంగతి, వత్తు వాడి కంటికి ఆనలేదన్నమాట. భయం-బయం, శనగలు-సెనగలు, బాణం-బానం కూడా ఈ లెక్కలోవే. అనుమానం వస్తే కాగితం పక్కన పెట్టి వాడిని కబుర్లలోకి దించండి. మాటల్లోనూ 'ఎల్లేడు' అంటే అది యాస, గీత పెట్టొద్దు. 'బస్సు' అని చక్కగా మాట్లాడేవాడు కాగితం చూసి 'బసు' అన్నాడా, అది చదువులో ఇబ్బంది, రాసుకోండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకున్న మనిషి ఆయన. ఆయన గడ్డ మీద గుంటల నోటిమాటకి మనం గీతలు పెడుతున్నాం.

ఇచ్ఛాపురంలో ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లల దగ్గరా, మందస కొండల్లో సవర పిల్లల దగ్గరా ఈ కబుర్ల చిట్కా పారదు. అక్కడ బెడద ఇంకోలా ఉంటుంది: గడగడా చదివేసి, అడిగితే అర్థం చెప్పలేరు. చదివినదాన్ని వాళ్ళ భాషలో చెప్పమనండి, లేదా బొమ్మ చూపించమనండి. అప్పుడే 'కథ' అని రాయండి.

అభ్యాసం: అయిదుగురు పిల్లలు ఒకే కథ చదువుతుంటే ఫోన్‌లో రికార్డు చేయండి. టీచర్ ఒకచోట, మీరు ఒకచోట కూర్చుని, ఒకరి కాగితం ఒకరు చూడకుండా ప్రతి తప్పూ రాయండి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన ప్రతి మాటనీ మళ్ళీ వినండి. యాస ఏదో, తప్పు ఏదో ఇద్దరూ ఒప్పుకునేదాకా లేవొద్దు. చివర్లో సోమవారం మొదటి ఇరవై నిమిషాలు ఎవరికి ఏం చెప్పాలో ఆవిడ చేతే రాయించండి. రికార్డులు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, పని అవగానే తీసేయండి.