ఇంట్లోవాళ్లు జూదానికి బానిసయ్యారేమోనని అనుమానం వస్తే ఎలా తేల్చుకోవాలి?

తాగొచ్చిన మనిషి దగ్గర వాసన వస్తుంది, మాట తడబడుతుంది. జూదం అలా బయటపడదు. రాత్రి పక్కనే పడుకుని ఫోన్లో నెల జీతం పోగొట్టుకున్న మనిషి కూడా తెల్లారి మామూలుగానే ఆఫీసుకు వెళ్లిపోతాడు. అందుకే చాలా ఇళ్లలో అప్పులవాళ్లు తలుపు తట్టేదాకా సంగతి తెలియదు. కానీ అంతకు చాలా ముందే పసిగట్టవచ్చు. ఎంత పోయిందో తర్వాత లెక్క వేసుకోవచ్చు. పోయాక ఆ మనిషి ఏం చేస్తున్నాడో ముందు చూడండి. ఆడవాళ్లు, పెద్ద వయసువాళ్లు కూడా ఇందులో పడతారు కాబట్టి 'మావాళ్లు అలాంటివాళ్లు కాదు' అని కొట్టిపారేయకండి.

1. డబ్బు ఎటు పోతోందో చూడండి

ఉమ్మడి ఖాతా ఉంటే స్టేట్‌మెంట్ తీయండి. అందులో టైము, వరస ముఖ్యం. రాత్రి 11:40కి కొంత వెళ్లింది. 12:05కి దానికి రెట్టింపు. 12:20కి మళ్లీ అంతకు రెట్టింపు. ఆ తర్వాత ఖాతాలో ఏమీ మిగల్లేదు కాబట్టి ఆగింది. ఇలాంటి వరస కనిపించిందంటే, పోయినదాన్ని వెంటనే రాబట్టుకోవాలన్న ఆరాటం మొదలైందని గట్టిగా అనుమానించాలి. సరదాకి ఆడేవాళ్లు పోతే పోయిందని లేచిపోతారు. ఈ ఆరాటం పట్టినవాళ్లు లేవలేరు. నా దృష్టిలో అన్ని గుర్తుల్లోకీ దీన్నే ముందు పట్టించుకోవాలి.

ఒక్కో స్నేహితుడికి ఒక్కో కారణం చెప్పి చేబదులు తీసుకోవడం, లోన్ యాప్‌ల నుంచి మెసేజ్‌లు, కట్టాల్సిన ఫీజులు ఆగిపోవడం, బీరువాలో నగలు తగ్గడం కూడా చూసుకోండి. ఉన్నట్టుండి చేతినిండా డబ్బుతో వచ్చి అందరికీ బహుమతులు కొనడాన్నీ గమనించాలి. గెలిచిన రోజు ఊరంతా చెప్తారు, ఓడిన రోజుల ఊసే ఎత్తరు.

2. మనిషిలో మార్పు గమనించండి

మ్యాచ్ చూసేటప్పుడు తన అభిమాన జట్టు గెలిచినా ముఖం మాడిపోతుంటే, పందెం ఇంకోదాని మీద కాశాడేమో ఆలోచించండి. ఫోన్ ఎప్పుడూ బోర్లా పెట్టడం, బాత్రూంలో గంటలు గడపడం, నిద్ర లేకపోవడం, ఆట మానేసిన రెండు రోజులూ ఊరికే చిరాకు పడటం కూడా గుర్తులే. వీటిలో ఏదో ఒకటి కనిపించగానే నిర్ణయానికి రావద్దు. ఆఫీసు టెన్షన్‌తో కూడా మనిషి అలా ఉండవచ్చు. డబ్బు లెక్కా, ఈ మార్పులూ ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా అన్నది చూడాలి.

3. వైద్యులు చూసే కొలతతో సరిపోల్చండి

తొలి అంచనాకు నిపుణులు వాడే చిన్న పరీక్షలో రెండే ప్రశ్నలుంటాయి. ఇంకా ఇంకా ఎక్కువ డబ్బు పెట్టాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎంత ఆడుతున్నారో దగ్గరివాళ్లకు అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? ఏ ఒక్కదానికి అవునన్నా, పూర్తి పరీక్ష అవసరమే.

అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో జూద వ్యసనాన్ని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల వర్గంలోకి మార్చింది. వాళ్ల పట్టికలో 9 లక్షణాలున్నాయి. 12 నెలల వ్యవధిలో వాటిలో కనీసం 4 ఉంటే వ్యాధిగా లెక్కిస్తారు. పందెం మొత్తం పెంచుకుంటూ పోవడం, మానాలని చూసి మానలేకపోవడం, బాధ కలిగినప్పుడల్లా ఆటకు పోవడం, అప్పుల నుంచి గట్టెక్కించమని ఇతరుల మీద ఆధారపడటం వాటిలో కొన్ని.

ఒక సంగతి చాలామందికి తెలియదు. పార్కిన్సన్స్ జబ్బుకు వాడే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందుల వల్ల కొందరిలో ఆపుకోలేని జూదపు కోరిక పుడుతుంది. ఎన్నడూ పేక ముట్టని పెద్దాయన ఈ మందు మొదలుపెట్టాక పందేలు కాస్తుంటే వెంటనే డాక్టర్‌కి చెప్పండి. మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

4. మాట్లాడండి, కానీ సమయం చూసుకుని

ఆట మధ్యలోనో, ఓడిన వేడిలోనో కదిలిస్తే గొడవే మిగులుతుంది. తీరిగ్గా ఉన్నప్పుడు, పిల్లలు లేనప్పుడు, మీరు చూసిందే చెప్పండి: "నిన్న రాత్రి ఖాతాలోంచి మూడుసార్లు డబ్బు వెళ్లింది. నాకు భయంగా ఉంది. ఏం జరుగుతోందో చెప్పు." 'నువ్వు ఇంక మారవు' అన్నారంటే మాట అక్కడితో తెగిపోతుంది. మొదటిసారి కాదనే అంటారు, కోప్పడతారు. కొన్నాళ్లాగి మళ్లీ అడగండి.

"ఈ ఒక్కసారి అప్పు తీర్చెయ్, ఇంక ముట్టను" అన్నప్పుడు మనసు కరుగుతుంది. ఆ క్షణాన నిజంగానే అలా అనుకుని ఉంటారు కూడా. అయినా చేతికి డబ్బు ఇవ్వకండి, హామీ సంతకం పెట్టకండి. మీ ఖాతా వేరు చేసుకోండి, పిన్‌లు మార్చండి. చికిత్సకు తోడు వస్తానని మాత్రం చెప్పండి. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీతో, అంటే ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్సతో, చాలామందికి మేలు జరుగుతుంది. జూదం మానాలనుకునేవాళ్లు కలిసి ఒకరికొకరు తోడుగా నిలిచే గ్యాంబ్లర్స్ అనానిమస్ బృందాలు 1957లో లాస్ ఏంజెలిస్‌లో మొదలై, ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. కుటుంబసభ్యుల కోసం గామ్-అనాన్ విడిగా ఉంది.

5. ప్రాణం మీదికి వచ్చే గుర్తులు

జూద వ్యసనంలో ఉన్నవాళ్లకు ఆత్మహత్య ముప్పు ఎక్కువ. విషయం అందరికీ తెలిసిపోయిన రోజుల్లో మరింత జాగ్రత్తగా ఉండాలి. "నేను పోతే మీకు ఏ గొడవా ఉండదు" అన్నా, ఉన్నట్టుండి తన బీమా కాగితాలు వెతుకుతున్నా తేలిగ్గా తీసుకోకండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగానే అడగండి. అలా అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, మందులూ పురుగుమందులూ అందకుండా తీసేయండి, ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. ఏదైనా చేసుకుంటారన్న భయం ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అప్పుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.